పింగాణీ దిమ్మ మీద టవర్

అందరికీ నమస్కారం. ఇందాక లోపలికి వస్తుంటే ఒక అబ్బాయి అడిగాడు, "సార్, రేడియో టవర్ మీద యాంటెన్నా ఎక్కడుంటుందండీ?" అని. మీడియం వేవ్ అంటే ఎఫ్ఎం కంటే చాలా పొడుగు రేడియో తరంగాలు. ఆ టవర్ మీద యాంటెన్నా ఉండదు బాబూ. టవరే యాంటెన్నా.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకుముందు మన గుంటూరు వాళ్లు తెలుగు మాట కోసం మద్రాసు స్టేషన్ పట్టేవారు. విజయవాడ నంబరు 837 కిలోహెర్ట్జ్. మా ఇంటి ఫోన్ నంబరైనా మర్చిపోతాను గానీ ఇది మర్చిపోను. తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే సుమారు 90 మీటర్ల ఇనుప స్తంభం నిలబెడితే గాలిలోకి మాట బాగా వెళ్తుంది. ముప్పై అంతస్తుల మేడంత ఎత్తు!

ఇలాంటి టవర్లు చాలావరకు ఒక పింగాణీ దిమ్మ మీద నిలబడతాయి. ఇనుము నేలకు తగిలిందా, పవరంతా మట్టిపాలే. పడిపోకుండా చుట్టూ లాగి కట్టిన తీగల్లోనూ మధ్యమధ్య పింగాణీ గుండ్లు ఉంటాయి. టవర్ పాదం దగ్గర రెండు లోహపు గోళాలు, వాటి మధ్య చిన్న సందు. పిడుగు పడితే ఆ సందు దూకి భూమిలోకి పోతుంది. ఆ క్షణం ట్రాన్స్‌మిటర్ ఆగి, మళ్లీ అందుకుంటుంది. అక్కడ డ్యూటీలో ఉన్నవాళ్లకి టెన్షన్. ఇక్కడ మనం పాట ఆగిందని సెట్టు నెత్తిన ఒకటి వేసేవాళ్లం.

టవర్‌లో కనపడని సగం నేల కిందే ఉంది. బండి చక్రం ఆకుల్లా చుట్టూ రాగి తీగలు పాతిపెడతారు. తడి నేల ఈ తరంగాలకు మంచి దారి. కృష్ణా కాలువల కింద వరి చేలు రేడియోకీ మేలు చేశాయన్నమాట. ఎఫ్ఎం కథ వేరు. దానికి ఎదురుగా కొండ అడ్డొస్తే చిక్కే. మీడియం వేవ్ మాత్రం నేలను పట్టుకుని కొండ వెనక్కీ వెళ్తుంది.

మా అమ్మమ్మ సెట్టును గూట్లో పెట్టి, దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. తుడిచేటప్పుడు ఎవరైనా పక్కకి తిప్పితే ఇల్లు ఎగిరిపోయేది. సెట్టు లోపల ఒక ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, తరంగాన్ని పట్టే యాంటెన్నా అదే. దాని కొస టవర్ వైపు తిరిగితే భక్తిరంజని సన్నగిల్లుతుంది, అడ్డంగా ఉంటే గట్టిగా వినిపిస్తుంది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.