ప్లేజరిజం రిపోర్ట్ ఎరుపెక్కేది సబ్మిషన్ రోజున కాదు, నోట్స్ రాసుకున్న రోజున

నమస్కారం. డిసర్టేషన్ గడువు దగ్గరపడుతుంటే పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు ఒకటే అడుగుతారు: "సిమిలారిటీ 38 వచ్చింది, పది లోపుకి దించడం ఎలా?" వేరేవాళ్ల రాతతో మన రాత ఎంత శాతం కలిసిందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క అది. సబ్మిషన్ వారంలో ఆ ప్రశ్నకు మంచి జవాబు దొరకదు. మొదటి రీసెర్చ్ పేపర్ తెరిచి నోట్స్ మొదలుపెట్టిన రోజునే ఆ జాగ్రత్త పడాలి. ఈ వీడియోలో ఆ రోజు ఏం చేయాలో చూద్దాం.

ముందు ఆ 'పది' సంగతి. ప్లేజరిజం అంటే వేరేవాళ్ల రాతను, ఆలోచనను మనదిగా చూపించడం. దాని నివారణకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లో నిబంధనలు తెచ్చింది. పీజీ, రీసెర్చ్ డిగ్రీల కోసం ఇచ్చే థీసిస్‌లు, డిసర్టేషన్‌లు వీటి కిందికి వస్తాయి. మామూలు అసైన్‌మెంట్లు రావు, వాటికి మీ కాలేజీ రూల్సే. పోలికలు 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే సరిదిద్ది, వాళ్లిచ్చిన గడువులో మళ్లీ ఇవ్వాలి; ఆ గడువు ఆరు నెలలు మించదు. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి కూడా ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. లెక్కలోంచి తీసేసేవీ ఉన్నాయి: ఆధారం చూపించి ఉటంకించినవి, రిఫరెన్సుల జాబితా, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు, వరుసగా 14 పదాల వరకు అనుకోకుండా కలిసే మాటలు. అందుకని రిపోర్ట్ రాగానే అంకె చూసి కంగారుపడకండి. కోట్స్‌ను, రిఫరెన్సుల జాబితాను తీసేసే ఫిల్టర్లు పెట్టే రన్ చేశారా అని లైబ్రరీలో అడగండి.

అలాగని పది శాతం దాకా కాపీ కొట్టుకోవచ్చని అనుకోకండి. సాఫ్ట్‌వేర్ చూసేది పదాల పోలికనే. వేరేవాళ్ల వాదన మొత్తాన్నీ మీ మాటల్లో రాసేసి వాళ్ల పేరు చెప్పకపోతే రిపోర్ట్‌లో సున్నా రావచ్చు. అయినా అది దొంగతనమే. ఆ సబ్జెక్టులో చదివిన ఎగ్జామినర్‌కు ఇట్టే తెలిసిపోతుంది.

తప్పు ఎలా మొదలవుతుందంటే, ఎడమ పక్క పీడీఎఫ్, కుడి పక్క వర్డ్ ఫైల్. మంచి పేరా కనపడుతుంది. కాపీ, పేస్ట్. తర్వాత మార్చుకుందాంలే అనుకుంటారు. మూడు నెలలకు ఆ ఫైల్ అరవై పేజీలవుతుంది. అందులో ఏ వాక్యం మీది, ఏది పేపర్‌లోది, ఏ పేజీలోది? మీకే గుర్తుండదు. మీకు కాపీ కొట్టే ఉద్దేశం లేకపోవచ్చు. కానీ ప్లేజరిజంపై విచారించే కమిటీ చూడగలిగేది ఆ ఫైల్‌నే.

అందుకే నోట్స్‌లో ప్రతి పాయింట్ ముందూ ఒక గుర్తు పెట్టండి. 'కో' అంటే కోట్, ఉన్నది ఉన్నట్టు దింపింది. 'సా' అంటే సారం, విషయం వాళ్లది, మాట మీది. 'నా' అంటే మీకు వచ్చిన ఆలోచన, అనుమానం, విమర్శ. 'కో'కి, 'సా'కి రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబర్ తప్పనిసరి. 'కో' అయితే పేస్ట్ చేసిన క్షణంలోనే కొటేషన్ మార్కులు పెట్టేయండి. రేపు పెడదాం అనుకుంటే ఎవరూ పెట్టరు. ఒక పేపర్ పూర్తయ్యాక 'నా' ఒక్కటీ కనపడకపోతే మళ్లీ ఒకసారి చదవండి. చివరికి మీ చాప్టర్‌లో మీ వంతు అయ్యేది ఆ 'నా'లే.

'సా' రాయడంలోనే అసలు కష్టం. ఒక సెక్షన్, మహా అయితే రెండు పేజీలు చదవండి. పీడీఎఫ్ మూసేయండి. లేచి మంచినీళ్లు తాగి రండి, ఐదు నిమిషాలు పోనివ్వండి. వాళ్ల వాక్యాలు అప్పటికి చెవిలోంచి పోతాయి, విషయం మిగులుతుంది. అప్పుడు చూడకుండా మూడు నాలుగు వాక్యాలు రాయండి. తర్వాత పీడీఎఫ్ తెరిచి సరిచూసుకోండి. అంకెలు సరిగ్గా ఉన్నాయా? వాళ్లు 'ఉండవచ్చు' అన్నదాన్ని మీరు 'ఉంది' అనేశారా? వాళ్ల పదబంధం ఏదైనా జారి వచ్చిందా? వస్తే దానికి కొటేషన్ మార్కులు పెట్టండి.

ఒక ఉదాహరణ. మూలంలో ఇలా ఉందనుకోండి: "బిందు సేద్యంలో నీరు మొక్క వేరు దగ్గరే పడుతుంది కాబట్టి ఆవిరయ్యే నీరు తగ్గుతుంది, కలుపు కూడా తక్కువగా వస్తుంది."

చాలామంది ఇలా మారుస్తారు: "డ్రిప్ పద్ధతిలో జలం మొక్క వేళ్ల చెంతనే పడటం వల్ల ఆవిరి నష్టం తగ్గి, కలుపు మొక్కలు కూడా స్వల్పంగా వస్తాయి." పదాలు మారాయి. వాక్యం ఎముకలు అవే: అదే వరుస, 'కాబట్టి' స్థానంలో 'వల్ల' వచ్చిందంతే. కింద రిఫరెన్స్ ఇచ్చినా ఇది సారం కాదు, ముసుగేసిన కోట్. పేరాఫ్రేజింగ్ టూల్స్ చేసిపెట్టేది కూడా ఇదే.

చూడకుండా రాస్తే ఇలా రావచ్చు: "కలుపు తగ్గడానికీ, నీరు ఆదా కావడానికీ కారణం ఒకటే, తడి వేరు చుట్టూ మాత్రమే ఉంటుంది." ఇక్కడ రిఫరెన్స్ ఇవ్వాలి. ఆ తర్వాత, "అలాగైతే చాళ్లు దగ్గరగా వేసే పంటల్లో కలుపు ఇంతే తగ్గుతుందా?" ఇది 'నా'. దీనికి రిఫరెన్స్ అక్కర్లేదు.

ఇదంతా టైమ్ దండగ అనిపించొచ్చు. కానీ ఇలా చూడకుండా రాయడం పరీక్షకు కూడా పనికొచ్చే చదువే. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొంతమంది విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. ముందు రోజు రాత్రి అంతా వచ్చేసినట్టు అనిపించి, హాల్లో పెన్ను కదలకపోవడానికి కారణం చాలాసార్లు ఇలా మళ్లీ మళ్లీ చదవడమే.

కంప్యూటర్స్ వాళ్లకు, ముఖ్యంగా ఎంఎస్ కోసం అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ చాలా కోర్సుల్లో విద్యార్థుల కోడ్‌ను మాస్ (MOSS) అనే టూల్‌తో ఒకదానితో ఒకటి పోలుస్తారు. 1994 నుంచీ ఉంది. వేరియబుల్ పేర్లు మార్చినా, ఖాళీలు, కామెంట్లు మార్చినా అది మోసపోదు, ఎందుకంటే ప్రోగ్రామ్ నిర్మాణాన్ని ముక్కలు చేసి పోలుస్తుంది. ఇచ్చినవాళ్లూ, తీసుకున్నవాళ్లూ ఇద్దరూ దొరుకుతారు. రూమ్మేట్‌కు సాయం చేయాలనుంటే బోర్డు మీద లాజిక్ వివరించండి, ఫైల్ మాత్రం పంపకండి. బోర్డు చెరిపేశాక, అరగంట ఆగి ఎవరి కోడ్ వాళ్లు రాసుకోండి. అక్కడ సస్పెన్షన్ పడితే చదువుతో పాటు వీసా స్టేటస్ కూడా చిక్కుల్లో పడుతుంది.

ఏఐ వాడొచ్చా లేదా అన్నది ఒక్కో కోర్సులో ఒక్కోలా ఉంటుంది, సిలబస్ చూసి, అనుమానముంటే ప్రొఫెసర్‌ను రాతపూర్వకంగా అడగండి. అది ఇచ్చిన రిఫరెన్స్‌ను మాత్రం స్వయంగా తెరిచి చదవకుండా పెట్టకండి, లేని పేపర్లను ఉన్నట్టే రాసేస్తుంది. ఇక మీరే రాసినదాన్ని ఏఐ రాసిందని అనుమానించే ప్రమాదం కూడా ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఏఐ రాతను పట్టే ఏడు డిటెక్టర్లకు టోఫెల్ (ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు రాసే పరీక్ష) వ్యాసాలు ఇస్తే, సగటున సగానికి పైగా ఏఐ రాసినవని తప్పుగా చెప్పాయి. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు తెలిసిన కొద్ది పదాలనే తిప్పి తిప్పి వాడటం ఆ యంత్రాలకు అలా కనపడుతుంది. అందుకే మొదటి రోజు నుంచీ ఒకే గూగుల్ డాక్‌లో రాయండి. వెర్షన్ హిస్టరీలో ఏ రోజు ఏం రాశారో, ఏం కొట్టేశారో ఉంటుంది. చేతిరాత నోట్స్ ఉంటే అవీ పారేయకండి.

ఇంత చేసినా టైమ్ చాలకపోవచ్చు. కాపీకి చెయ్యి వెళ్లేది ఎక్కువగా ఆ చివరి రెండు రాత్రుల్లోనే. గడువుకు నాలుగు రోజుల ముందే గైడ్‌కు మెయిల్ పెట్టండి, సాకులు లేకుండా, చేసిన పని జతచేసి: "సర్, నమస్కారం. రెండో చాప్టర్‌కు 17 పేపర్లలో 12 పూర్తయ్యాయి. ఇప్పటివరకు రాసిన తొమ్మిది పేజీలు జతచేశాను. మిగతా ఐదు చదివి రాయడానికి సోమవారం బదులు శుక్రవారం వరకు గడువు ఇవ్వగలరా?"