ఎపిసోడ్: డబ్ల్యూసైజ్ ఎంత పెట్టాలి? (అన్నట్టు మొదలెట్టాం)

కిరణ్: ఆఁ, రికార్డ్ అవుతోంది. ఇవాళ ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌లో, అంటే వేరే మెషీన్ ఫైళ్లని నెట్‌వర్క్ మీదుగా మన దాంట్లో తగిలించుకునేటప్పుడు, ఆర్‌సైజ్, డబ్ల్యూసైజ్ (ఒక్కో విన్నపంలో ఎన్ని బైట్లు చదవాలి, ఎన్ని రాయాలి) ఎంత పెట్టాలో చూద్దాం. సుధక్కా, మార్కర్ తెచ్చావా?

సుధ: మార్కర్ గురించి ఎత్తకు. ఏమీ పెట్టొద్దు, క్లయింటూ సర్వరూ మాట్లాడుకుని తేల్చుకుంటాయి, లినక్స్‌లో 1 ఎంబీ దాకా వెళ్తుంది, ఎన్‌ఎఫ్‌ఎస్ పాత వెర్షన్ 2లో 8 కేబీయే గరిష్ఠం. అయిపోయింది, పద.

కిరణ్: అంతేనా! సరే, మరి అదే డబ్ల్యూసైజ్‌ని స్టాట్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే డిస్క్‌లో మొత్తం ఎంత, ఖాళీ ఎంత అని చెప్పే కాల్‌లో, బ్లాక్ సైజ్‌గా చూపించడమేంటి? నెట్‌వర్క్ మీద ఎంత పంపాలన్నదానికీ డిస్క్‌కీ సంబంధమేంటసలు?

సుధ: మౌంట్‌లో బ్లాక్ సైజ్ చెప్పే బీసైజ్ ఆప్షన్ ఇవ్వకపోతేనే. అయినా అది కొలమానమే కదరా, బ్లాకుల సంఖ్యని దాంతో గుణిస్తే బైట్లు వస్తాయి. వెర్షన్ 3 నుంచి సర్వర్ 64 బిట్లలో బైట్లే పంపుతుంది, బ్లాకులు చేసేది క్లయింటే. అందుకే అంటా, వేరియబుల్ పేరులో యూనిట్...

కిరణ్: వచ్చేసింది!

సుధ: వస్తుంది! ఊరికే "సైజ్" అని రాస్తే బైట్లో బ్లాకులో ఎవడికి తెలుసు?

కిరణ్: నేనడిగేది రౌండింగ్. మొత్తాన్నీ ఖాళీనీ రెండిటినీ పైకే రౌండ్ చేస్తారు, బ్లాక్ 1 ఎంబీ అయితే నాలుగు కేబీ మిగిలినా ఒక బ్లాక్ ఖాళీ అంటుంది, నమ్మి రాస్తే నో స్పేస్ ఎర్రర్. బ్లాక్ సైజ్ 512 బైట్లు పెట్టేస్తే పోలా?

సుధ: పెట్టు, 32 బిట్ ప్రోగ్రామ్ పాత కాల్‌తో అడిగితే 2 టీబీ దాటగానే బ్లాకుల సంఖ్య 32 బిట్లలో పట్టక ఈఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది, అప్పుడు నాకే ఫోన్ చేస్తావ్.

కిరణ్: ఇప్పుడెవరు వాడతారక్కా 32 బిట్?

సుధ: ప్రతిసారీ ఇదే మాట. వాడేవాళ్లకి నువ్వు చెప్తావా?

కిరణ్: ...సరే సరే. ఖాళీని మాత్రం కిందికి రౌండ్ చేద్దాం, కోడ్‌లో పైకి రౌండ్ చేసే కూడిక తీసేసి, భాగించే షిఫ్ట్ ఒక్కటే ఉంచితే చాలు.

సుధ: అది ఒప్పుకుంటా. ఒక్కో ఫైలు వివరాలు చెప్పే స్టాట్‌లో బ్లాకుల్ని మాత్రం ముట్టుకోకు, అవి ఎప్పుడూ 512 బైట్లవే, ఎవడో స్క్రిప్ట్‌లో వాటిని 1 ఎంబీ బ్లాక్‌సైజ్‌తో గుణించి ఫైలు 2048 రెట్లు పెద్దదైందని గోల చేశాడు. పేర్లు చూడు, బ్లాక్స్ ఒకటి, బ్లాక్‌సైజ్ ఒకటి! యూనిట్ రాసుంటే...

కిరణ్: (నవ్వుతూ) మూడోసారి.

సుధ: లెక్కపెట్టు. స్టాట్‌ఎఫ్‌ఎస్‌లో ఎఫ్‌ఆర్‌సైజ్ కూడా నింపుతున్నారు కదా?

కిరణ్: నింపాలి, పోసిక్స్ ప్రమాణంలో ఎఫ్‌బ్లాక్స్, అంటే మొత్తం బ్లాకుల సంఖ్య, ఆ యూనిట్ లెక్కలోనే.

సుధ: ఆగాగు, కోడ్ తెరుస్తున్నా.