పెళ్లి మండపం వెనక రుక్మిణీ కల్యాణం: బ్యాక్‌డ్రాప్ ఎలా గీయించాలి

[తెర మీద: ఖాళీ మండపం. నాలుగు స్తంభాలు, రెండు పీటలు. వెనక తెల్ల గుడ్డ.]

నమస్కారం. పెళ్లిలో బ్యాక్‌డ్రాప్ అనగానే చాలామంది మధ్యలో ఒక పెద్ద దేవుడి బొమ్మ పెట్టించేస్తారు. రాముడో, శ్రీనివాసుడో, కిరీటంతో, నిండుగా. ఆ తర్వాత పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వచ్చి సరిగ్గా ఆ బొమ్మకి అడ్డంగా కూర్చుంటారు. ఫోటోల్లో దేవుడి చెవి ఒకటి, శంఖం సగం కనపడతాయి.

నేను చెప్పేది ఒక్కటే. మధ్యలో ఏమీ గీయించకండి.

కన్యాదానం వేళ పెళ్లికూతురి తండ్రి వరుడి కాళ్లు కడిగేది ఎవరనుకుని? లక్ష్మీనారాయణ స్వరూపం అనుకుని. దేవుడు పీట మీదే కూర్చుని ఉన్నప్పుడు వెనక ఇంకో దేవుడు దేనికి? కథని చుట్టూ గీయించండి. మధ్య చోటు ఆ ఇద్దరిది.

[తెర మీద: లేపాక్షి కల్యాణ మండపం స్తంభాలు, నెమ్మదిగా ఒకదాని నుంచి ఇంకోదానికి.]

లేపాక్షి వెళ్లినవాళ్లకి ఇది తెలుసు. వీరభద్రస్వామి గుడి ఆవరణలో 16వ శతాబ్దపు కల్యాణ మండపం ఉంది. పూర్తికాలేదు, పైకప్పు లేదు. అక్కడ శివపార్వతుల పెళ్లికి వచ్చిన దేవతలూ మునులూ స్తంభాల మీద నిలబడి ఉంటారు. మధ్యలో నిలబడితే చుట్టూ పెళ్లివారు మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. మన బ్యాక్‌డ్రాప్‌కి ఇంతకంటే మంచి గురువు దొరకడు.

ఇక ఏ కథ? సీతారామ కల్యాణం ఎప్పుడైనా చెల్లుతుంది, దాని గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. జాగ్రత్త పడాల్సింది మిగతావాటితో. నలదమయంతుల హంస ఎంతో అందమైన బొమ్మ. కానీ అడవిలో నిద్రపోతున్న దమయంతిని నలుడు వదిలి వెళ్లిపోయిన కథ కూడా అదే. శకుంతల కథలో భర్త భార్యని గుర్తే పట్టడు. ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మలకి ఈ కథలన్నీ వచ్చు. వాళ్ల మనసు చివుక్కుమనే బొమ్మ పెళ్లిలో వద్దు.

నాకు రుక్మిణీ కల్యాణం ఇష్టం. ఎందుకంటే అందులో ఒక ఘట్టం మన పెళ్లిలో ఇప్పటికీ జరుగుతుంది. ముహూర్తానికి ముందు పెళ్లికూతురు గౌరీపూజ చేస్తుంది కదా? రుక్మిణి చేసిందీ అదే. అన్న రుక్మి ఆమెని శిశుపాలుడికి ఇద్దామనుకున్నాడు. ఆమె అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడితో కృష్ణుడికి కబురు పంపి, ఊరి బయట గౌరి గుడికి వెళ్లి మొక్కుకుంది. గుడి నుంచి బయటికి వస్తుంటే కృష్ణుడు రథం ఎక్కించుకుని వెళ్లాడు. గౌరీపూజ చేసి, మేనమామ చేతుల మీదుగా గంపలో మండపానికి వచ్చే అమ్మాయి వెనక ఆ గుడి కనపడితే ఎంత బాగుంటుందో ఊహించండి!

[తెర మీద: గీత బొమ్మ. మధ్యలో గుడి గుమ్మం, ఇటు రుక్మిణి పుట్టినూరు కుండినపురం, అటు కృష్ణుడి ద్వారక.]

పదహారు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు అనుకుందాం. మధ్యలో ఆరు అడుగుల గుమ్మం. గుమ్మంలో బొమ్మల గుడ్డ ఉండదు, వెనక సాదా పసుపు తెర మాత్రమే. అటూ ఇటూ అయిదేసి అడుగుల బొమ్మలు. గుమ్మం పైన గోపురం, కింద ద్వారబంధానికి మామిడాకుల తోరణం.

ఏది ఏ పక్కన? సూత్రధారణ అయ్యాక పెళ్లికూతురు ఏ పక్కన కూర్చుంటుందో పురోహితుణ్ణి ముందే అడగండి. వరుడికి ఎడమవైపు అంటే, ఎదురుగా చూసేవాళ్లకి కుడివైపు. ఇక్కడ పొరబడేవాళ్లు ఎక్కువ. ఆమె ఉన్న పక్క కుండినపురం, అతనున్న పక్క ద్వారక. ఆమె పక్కన కబురు మోసుకెళ్తున్న బ్రాహ్మణుడు. గోపురం పక్కగా ద్వారక వైపు తిరిగిన రథం. గుర్రాలు పుట్టింటి నుంచి అత్తింటి వైపు పరుగెత్తాలి. చివర ద్వారకలో మేళతాళాలతో ఎదురొచ్చే జనం. యుద్ధం వద్దు. కృష్ణుడు రుక్మికి గుండు చేసిన బొమ్మ అసలు వద్దు, అతను పెళ్లికూతురి అన్న.

కింది నాలుగు అడుగుల్లో ఎవరి ముఖమూ రానీయకండి. అక్కడ తలలు అడ్డం వస్తాయి, కుర్చీలు ఆనిస్తారు, ఎవరి కాళ్లో తగులుతాయి. తీగలు, ఏనుగులు, హంసల బారు చాలు.

[తెర మీద: కలంకారీ కళాకారుడి చెయ్యి, వెదురు కలం.]

ఫ్లెక్స్ కంటే గుడ్డ మేలని నా గట్టి అభిప్రాయం. ఫ్లెక్స్ లైటు పడితే మెరుస్తుంది. పైగా తెల్లారేసరికి దేవుడి ముఖం చెత్తబండిలో ఉంటుంది. అది నేను చూడలేను.

శ్రీకాళహస్తి కలంకారీ, అంటే వెదురు కలంతో గుడ్డ మీద చేత్తో గీసే బొమ్మలు, ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. నూలు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాలలో కొవ్వు ఉండటం వల్ల రంగు పాకిపోకుండా గీత నిలుస్తుంది. నలుపు కోసం తుప్పు ఇనుముని బెల్లం నీళ్లలో ఊరబెడతారు. అది కరక్కాయ పట్టిన గుడ్డకి తగలగానే నల్లబడుతుంది. రంగు వేసిన ప్రతిసారీ ఉతకాలి, ఆరబెట్టాలి. కాబట్టి ఇంత పెద్ద బొమ్మకి నెలలు పడుతుంది. లగ్నపత్రిక రాసుకున్నాక మొదలుపెడితే అందదు. టైం లేకపోతే అంచులూ తీగలూ పెడన అచ్చు కలంకారీలో తీసుకుని, రథమూ గోపురమూ మాత్రం చేత్తో గీయించండి. గుడ్డ పన్నా చిన్నది కాబట్టి అతుకులు తప్పవు. ఆ అతుకులు స్తంభాల గీతల్లో కలిసిపోయేలా ముందే గీసుకోమనండి.

ముఖాలు ఎంత ఉండాలి? యాభై అడుగుల దూరం నుంచి, అడుగు ఎత్తున్న ముఖం చాచిన చేతి బొటనవేలి గోరంత కనపడుతుంది. అంతకంటే చిన్నదైతే వెనక వరుసకి అందదు. నగల నగిషీ తగ్గించండి, కళ్లు పెద్దవి చేయండి, చుట్టుగీత వేలంత లావు ఉండనివ్వండి.

రంగుల్లో ఒక్క మాట. మధుపర్కాలు తెలుపు, తలంబ్రాలు పసుపు. వెనక ఇటుక ఎరుపు, నీలిమందు నీలం ఉంటే రెండూ తేటగా కనపడతాయి. డెకరేషన్ వాళ్లు ఊదా రంగు లైటు వేస్తామంటే ఒప్పుకోకండి, కలంకారీ రంగులు చచ్చిపోతాయి. పసుపు వెలుగు చాలు. దీపపు కుందులు గుడ్డకి రెండు బారల దూరంలో పెట్టించండి.

[తెర మీద: ముందు రోజు సాయంత్రం. కట్టిన గుడ్డ, పీటల మీద ఇద్దరు పిల్లలు.]

కట్టడం అయిపోయాక ఇంట్లో ఎవరినైనా ఇద్దర్ని పీటల మీద కూర్చోబెట్టండి. ఆఖరి వరుస కుర్చీలో కూర్చుని ఫోన్లో ఒక ఫోటో తీయండి. వాళ్ల తలల పైన ద్వారబంధం, దానిపైన గోపురం కనపడాలి. తోరణం తలలకి తగులుతున్నట్టుంటే గుడ్డని ఇంకో జానెడు పైకి లాగి కట్టించండి.