చిక్కుజుట్టు సంచి నెలకే నిండిపోతే

(తెర మీద: బల్ల మీద ఒక క్యారీ బ్యాగ్. నిండా చుట్టలు చుట్టిన వెంట్రుకలు.)

ఇదేటో చెప్పుకోండి చూద్దాం. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగువాళ్ల ఇళ్లలో పెరటి తలుపు వెనక మేకుకి ఇలాంటి సంచి ఒకటి వేలాడుతుంటుంది. దువ్వెనకొచ్చిన జుట్టు చుట్ట చుట్టి ఇందులో పడేస్తాం. చిక్కుజుట్టు కొనే అతను సైకిల్ మీద వచ్చినప్పుడు ఇచ్చి స్టీలు గిన్నె పుచ్చుకుంటాం. నా సంచి నిండడానికి మామూలుగా ఏడాది పడుతుంది. నిరుడు సంక్రాంతికీ శివరాత్రికీ మధ్యే నిండిపోయింది.

నేను ఇక్కడ బ్యూటీ పార్లర్ నడుపుతాను. పొద్దున్న లేస్తే పక్కవాళ్ల జుట్టే నా చేతుల్లో ఉంటుంది. "బాళొ ఝొడుచి" అని ఒడియా అక్క వచ్చినా, "జుట్టు రాలిపోతందమ్మా" అని మనవాళ్లొచ్చినా నా దగ్గర సలహా సిద్ధం. నా తల దగ్గరికొచ్చేసరికి ఏమీ తోచలేదు.

జరిగింది ఇదీ. మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి. దసరా వెళ్లిన మర్నాడే బరువు తగ్గడం మొదలుపెట్టాను. పొద్దున్న తేనె, నిమ్మరసం. మధ్యాహ్నం రెండు చపాతీలు, కీరా ముక్కలు. రాత్రి ఒక ఆపిల్. 74 కిలోలదాన్ని సంక్రాంతికి 61కి దిగాను. పాత జాకెట్లన్నీ పట్టాయి. పెళ్లిలో అందరూ ఒకటే మెచ్చుకోవడం. మా ఆడపడుచు మాత్రం నా జడ చేత్తో పట్టుకుని, "సన్నబడ్డావు గానీ వదినా, ఇదేటి, ఎలక తోకలాగైపోయింది?" అంది.

షాంపూ మార్చాను. బోరు నీళ్లని తిట్టాను. ఉల్లిపాయ రసం కూడా రాశాను. రెండు రోజులు మా ఆయన పక్క గదిలో పడుకున్నారు. చివరికి బరంపురంలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన నూనె సంగతి అడగలేదు, షాంపూ సంగతి అడగలేదు. "మూడు నెలల కింద ఏం జరిగింది?" అన్నారు. జ్వరమా, కాన్పా, ఆపరేషనా, బరువు తగ్గావా?

అసలు కిటుకంతా ఆ ప్రశ్నలో ఉంది.

(తెర మీద: గోడ క్యాలెండర్. వేలు మాఘం నుంచి వెనక్కి, ఆశ్వయుజం దాకా జరుగుతుంది.)

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఏ రోజు చూసినా వాటిలో వందకి 85 నుంచి 90 పెరుగుతూనే ఉంటాయి. ఒక్కోటి రెండు నుంచి ఆరేళ్లు పెరిగి ఆగిపోతుంది, మూడు నెలలు ఊరికే కుదుళ్లలో నిలబడి ఉంటుంది, తర్వాత ఊడిపోతుంది. రోజుకి 50 నుంచి 100 ఊడడం మామూలే.

ఒంటికి తిండి హఠాత్తుగా తగ్గితే ఏమవుతుంది? ఇంట్లో జీతం ఆలస్యమైన నెల బియ్యం కొంటాం, పాలవాడికిస్తాం, గోడకి రంగు మాత్రం వెయ్యం కదా. గుండె, మెదడు ఆగకూడదు. జుట్టు ఆగినా ప్రాణానికేమీ కాదు. పైగా వెంట్రుక కుదురులో కణాలు చాలా వేగంగా పుడుతుంటాయి, ఖర్చెక్కువ. అందుకని పెరగాల్సిన వెంట్రుకలు బోలెడు ఒక్కసారే పని మానేసి కూర్చుంటాయి. అలా కూర్చున్నవి రెండు మూడు నెలలకి కట్టకట్టుకుని రాలతాయి. దీన్నే టెలోజన్ ఎఫ్లూవియం అంటారు. డెంగీ వచ్చి తగ్గాక, కాన్పయ్యాక రాలేది కూడా ఇదే. దసరా నాటి నా కడుపుమాడ్పు మాఘంలో దువ్వెనకి వచ్చిందన్నమాట. నేనేమో మాఘంలో వాడిన షాంపూని తిట్టుకుంటున్నాను.

(తెర మీద: నల్ల గుడ్డ మీద రెండు వెంట్రుకలు, బాగా దగ్గరగా.)

ఇది చూడండి. ఊడిన వెంట్రుకని నల్లటి గుడ్డ మీద పెట్టి ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న బుడిపె ఉందా? కుదురుతో సహా ఊడొచ్చేసిందనుకుని ఏడుస్తారు చాలామంది. కాదు. విశ్రాంతి పూర్తయి ఊడిన వెంట్రుకకి అలాగే ఉంటుంది. కుదురు లోపలే క్షేమంగా ఉంది. చాలాసార్లు కింద కొత్తది మొదలవుతున్నప్పుడే పాతది ఊడుతుంది. ఇక ఈ రెండోది చూడండి, బుడిపె లేదు. ఇది రాలలేదు, మధ్యలో తెగింది. ఇస్త్రీ చేసినట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే, మళ్లీ మళ్లీ రంగులేస్తే తెగుతుంది. అందులో మా పార్లర్ల పాపం ఉంది, ఒప్పుకుంటాను. నూనె ఈ తెగడాన్ని కొంత ఆపుతుంది. రాలడాన్ని ఆపదు.

ఇంకోటి. రాలుతోందని తలస్నానం మానేయకండి. నాలుగు రోజులకోసారి పోసుకుంటే నాలుగు రోజులవీ ఒకేసారి చేతికొస్తాయి, అంతే.

సరే, తిండి. నేను తిన్న ఆ చపాతీ, కీరా, ఆపిల్ కలిపితే రోజుకి 15 గ్రాముల ప్రోటీన్ కూడా రాలేదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 55 కిలోల ఆడమనిషికి రోజుకి సుమారు 46 గ్రాములు కావాలంటుంది. బరువు తగ్గేటప్పుడు ఒంటి బరువులో కిలోకి ఒక గ్రాము, ఆ పైన వేసుకోమంటారు. వెంట్రుకే కెరటిన్ అనే ప్రోటీన్. దారం లేకుండా మగ్గం ఆడదు.

పౌడర్ డబ్బా కొననక్కర్లేదు. రెండు గుడ్లు 12 గ్రాములు. ఒక గిన్నె ముద్దపప్పు ఆరేడు. గుప్పెడు వేరుశెనగ గుళ్లు ఏడు. గ్లాసు పాలు ఎనిమిది. ఉలవలు 50 గ్రాములు నానబెట్టి ఉడికిస్తే దాదాపు 11. మన ఇళ్లలో ఉలవచారు తెగ తాగుతాం, గింజలు మాత్రం ఆవుకి పెడతాం! జుట్టుకి కావలసింది ఎక్కువగా ఆ గింజల్లోనే ఉండిపోతుంది. గుగ్గిళ్లు తినండి. చోడి అంబలి, అదే రాగి అంబలి, మంచిదే, అందులో కాల్షియం దండిగా ఉంది, కానీ వంద గ్రాముల చోడిపిండిలో ప్రోటీన్ ఏడు గ్రాములే. ఉత్త అంబలితో, ఉత్త చద్దన్నంతో సరిపెట్టుకోవద్దు. పక్కన నాలుగు ఎండు చేపలు వేయించుకుంటే దాని కథ వేరు.

తర్వాత ఐరన్. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకి 64 మందికి రక్తహీనత ఉందని తేలింది. డైటింగ్ మొదలుపెట్టే ముందే మనం లోటులో ఉన్నామన్నమాట. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుందనుకోకండి, ఫెరిటిన్ కూడా చూపించమని అడగండి. నిల్వ ఉన్న ఐరన్ ఎంతో అది చెబుతుంది. నాది అడుగంటిపోయింది. అన్నం తినగానే టీ తాగే అలవాటు మాని గంట ఆగి తాగండి, మునగాకు పప్పులో నిమ్మకాయ పిండుకోండి.

బయోటిన్ మాత్రలా? మనిషికి రోజుకి కావలసింది 30, 40 మైక్రోగ్రాములు. నేను మందుల షాపులో కొన్నది 10,000 మైక్రోగ్రాములది. బయోటిన్ లోటు అరుదు. పైగా ఈ మోతాదు వేసుకుంటూ థైరాయిడ్ పరీక్ష చేయిస్తే రిపోర్టు తప్పు రావచ్చు. కొన్ని జుట్టు మాత్రల్లో విటమిన్ ఏ, సెలీనియం కూడా ఉంటాయి. అవి ఎక్కువైతే జుట్టు ఇంకా రాలుతుంది. డబ్బులిచ్చి రాల్చుకోవడం దేనికి?

బరువు తగ్గే ఇంజక్షన్ల గురించి ఈమధ్య పార్లర్లో రోజూ అడుగుతున్నారు. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ పరీక్షల్లో మందు తీసుకున్నవాళ్లలో వందకి ముగ్గురు, ఉత్తుత్తి ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో ఒకరు జుట్టు రాలుతోందన్నారు. ఎక్కువ బరువు తగ్గినవాళ్లలోనే ఇది ఎక్కువ కనపడింది. ఆకలి చచ్చిపోతుంది కాబట్టి తినే నాలుగు ముద్దల్లో గుడ్డు, పప్పు ముందు తినాలి. సొంతంగా మందు ఆపెయ్యొద్దు, రాసిన డాక్టర్నే అడగండి.

ఒకచోట గుండ్రంగా, నున్నగా ఊడితే అది పేనుకొరుకుడు, నేను చెప్పింది కాదు. నెత్తి మంట, పొలుసులు, నెలసరిలో విపరీతమైన రక్తస్రావం, ఆరు నెలలు దాటినా ఆగని రాలడం, పాపిడి మాత్రమే వెడల్పవడం, వీటిలో ఏదున్నా వీడియోలు కట్టేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నేను శివరాత్రి నుంచి సరిగ్గా తినడం మొదలుపెట్టాను. బరువు కూడా తగ్గించాను, కాకపోతే వారానికి అరకిలో చొప్పున. వైశాఖం దాకా రాలుతూనే ఉంది. ఆ రెండు నెలలే కష్టం, తింటున్నా ఫలితం కనపడదు. జుట్టు నెలకి ఒక సెంటీమీటరే పెరుగుతుంది మరి. రథయాత్ర నాటికి నుదుటి మీద పొట్టి వెంట్రుకలు ముళ్లపందిలా నిక్కబొడుచుకున్నాయి. జెల్ రాసి అణచబోయి మానేశాను.

(తెర మీద: అదే సంచి, సగమే నిండి ఉంది.)

మొన్న చిక్కుజుట్టు అతను వచ్చాడు. సంచి తూచి చూసి, "ఈసారి గిన్నెకి రాదమ్మా, ప్లాస్టిక్ మగ్గు ఇస్తాను" అన్నాడు. బేరం ఆడకుండా తీసుకున్నాను.