సార్, నాకేం పని ఇస్తారు?

శ్రోతలందరికీ నమస్కారం. ఈ ఏడాది డిగ్రీలోనో పీజీలోనో కొత్తగా చేరిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట చెప్పాలని వచ్చాను. అమ్మానాన్నలు కూడా రేడియో దగ్గరే ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఈ విషయంలో సగం అనుమానాలు వాళ్ళవే.

మాట చిన్నదే. క్లాసులు కాకుండా కాలేజీలో ఏదో ఒక సంఘంలో చేరండి. ఎన్‌ఎస్‌ఎస్ అంటే జాతీయ సేవా పథకం, ఎన్‌సీసీ, సాహిత్య సంఘం, సైన్స్ క్లబ్, నాటకాలు వేసేవాళ్ళ గుంపు, ఏదైనా సరే. నాలుగింట్లో పేరు రాయించుకోవద్దు, ఒక్కటి చాలు.

నాకు బాగా తెలిసింది ఎన్‌ఎస్‌ఎస్, కాబట్టి దాని గురించే చెప్తాను. గాంధీజీ శతజయంతి సంవత్సరం, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో మొదలైంది. ఏడాదికి 120 గంటల సేవ, రెండేళ్ళకు 240, దానికి తోడు ఒక ఊళ్ళో ఏడు రోజుల క్యాంపు. లెక్కలు ఇంతటితో ఆపుతాను, అసలు సంగతి ఆ ఏడు రోజుల్లో ఉంది.

1998లో నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాను. దేవరకొండ దిక్కు పల్లె నుంచి వచ్చినవాణ్ణి, తెలుగు మీడియం, క్లాసులో వెనక బెంచీ, లేచి నిలబడి మాట్లాడాలంటే కాళ్ళు వణికేవి. మా క్యాంపు మర్రిగూడ మండలంలో ఒక ఊళ్ళో పెట్టారు. ఆ దిక్కు నీళ్ళ సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది, నడుములు వంగిపోయిన మనుషుల్ని, కాళ్ళు వంకర్లు పోయిన పిల్లల్ని చూసిన జిల్లా మనది. అదంతా నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లే. తాగే నీళ్ళలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బోర్లలో చాలావాటిలో దాటేది.

మా ప్రోగ్రాం ఆఫీసర్ సారు నన్ను పిలిచి, "నీకు కెమిస్ట్రీ ఉంది కదా, పరీక్షకు పట్టే నీళ్ళ సీసాలు నువ్వు చూసుకో" అన్నారు. అంతే, అదే నా పని. గాజు సీసాలు పనికిరావు, ఫ్లోరైడ్‌కు గాజు పడదు, అందుకని ప్లాస్టిక్ సీసాలు. ఒక్కొక్క దాని మీద ఏ బోరు, ఏ వాడ, ఏ తారీఖు అని చీటీ అంటించాలి. మొదటి రోజు ముందు నీళ్ళు పట్టి, చీటీలు తర్వాత అంటిద్దామనుకున్నాను. పొద్దుగూకేసరికి తొమ్మిది సీసాలు ఏ బోరువో తెలియకుండా పోయాయి. సారుకు చెప్పడానికి భయం, చెప్పకుండా ఉండటానికి ఇంకా భయం.

అప్పుడు కల్వకుర్తి దిక్కు పిల్లవాడొకడు, మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు, అప్పటిదాకా నాతో పట్టుమని పది మాటలు మాట్లాడనివాడు, టార్చి లైటు పట్టుకుని "నడువ్, మళ్ళ పట్టుకొద్దాం" అన్నాడు. ఇద్దరం చీకట్లో ఊరంతా తిరిగి తొమ్మిది సీసాలూ మళ్ళీ నింపాం. ఈసారి చీటీ ముందు, నీళ్ళు తర్వాత. ఏడాదిన్నరగా ఒకే క్లాసులో కూర్చుంటున్నా కలవని మాకు ఆ రాత్రి స్నేహం కలిసింది. పక్కపక్కన కూర్చుంటే పరిచయం అవుతుందేమో కానీ, కలిసి ఒక పని చేస్తేనే స్నేహం అవుతుందని అప్పటి నుంచీ నా నమ్మకం.

ఐదో రోజు రచ్చబండ దగ్గర ఊరివాళ్ళకు నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే నల్లగొండ టెక్నిక్ చూపించాలి. నాగపూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, రూపొందించిన పద్ధతి అది, పేరు మాత్రం మన ఊరిదే. నీళ్ళలో సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్ళు వంచుకోవాలి. ఎంత వేయాలన్నది ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో, ఆ నీళ్ళ గుణం ఏమిటో చూసి లెక్క కట్టాలి, మా సీసాలు అందుకే. చెప్పే పని నాకే వచ్చింది. రాత్రంతా టెన్షన్, పుస్తకంలో ఉన్నదున్నట్టు బట్టీ పట్టాను.

నేను చెప్పడం అయిపోగానే ఒక పెద్దమ్మ అడిగింది. "బిడ్డా, మబ్బుల లేసి కూలికి పోయేటోళ్ళం, ఆ గంటసేపు ఎవలు చూసుకుంట కూసుంటరు?" నా దగ్గర జవాబు లేదు, పుస్తకంలో అది లేదు. కల్వకుర్తి మిత్రుడు లేచాడు. వాళ్ళమ్మ కూడా కూలికి పోయే మనిషే. "పొయ్యి మీద రాత్రి బువ్వకు ఎసరు పెట్టేటప్పుడు కలిపి పెట్టు పెద్దమ్మా, వండి తిని లేచేటాళ్ళకు తేరుతది, పండుకునే ముందు బిందెలకు వంచుకో" అన్నాడు. పెద్దమ్మ తలూపింది. వినేవాళ్ళ ఇంట్లో పొయ్యి ఎప్పుడు వెలుగుతుందో తెలియకుండా వాళ్ళకు ఏమీ చెప్పలేమని నాకు ఆ రోజు తెలిసింది. తర్వాత ఉద్యోగంలో ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను, ప్రతిసారీ ఆ పెద్దమ్మ గుర్తొస్తుంది.

అమ్మానాన్నలూ, క్యాంపులని తిరిగితే మార్కులు పోతాయని మీ భయం. ఏడాదికి 120 గంటలంటే రోజుకు ఇరవై నిమిషాలు. ఆడపిల్లను పంపడానికి సంకోచం ఉంటే ప్రోగ్రాం ఆఫీసర్ ఫోన్ నంబరు తీసుకోండి, క్యాంపు జరిగే ఊరికి ఒకసారి మీరే వెళ్ళి చూడండి, తప్పేం లేదు. అచ్చంపేట నుంచో నారాయణపేట నుంచో రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్ళకు సాయంత్రం ఆగడం కుదరదు, నిజమే. మధ్యాహ్నం అన్నం గంటలో కలిసే సంఘం ఏదో అడిగి అందులో చేరండి.

మా రోజుల్లో ఈ జిల్లాల్లో విశ్వవిద్యాలయమే లేదు. ఇప్పుడు నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007 నుంచి, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉన్నాయి. చేరడం కష్టం కాదు. కానీ ఎలా చేరుతున్నారన్నది ముఖ్యం, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వెళ్ళి "సార్, నా పేరు రాసుకోండి" అనకండి. పేరు రాసుకుంటే సర్టిఫికెట్ వస్తుంది, అంతే. "సార్, నాకేం పని ఇస్తారు?" అని అడగండి. రిజిస్టర్ రాయడం, కుర్చీలు సర్దడం, సీసాల మీద చీటీలు అంటించడం, ఏదైనా సరే. పని చేతిలో ఉంటే రెండోసారి వెళ్ళక తప్పదు, రెండోసారి వెళ్తే నలుగురు పేరు పెట్టి పిలుస్తారు.

మా కల్వకుర్తి మిత్రుడి బిడ్డ ఈ ఏడాదే పాలమూరు విశ్వవిద్యాలయంలో పీజీలో చేరింది. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "కాకా, రక్తదానం క్యాంపుకు వచ్చేటోళ్ళ పేర్లు రాసే పని నాకిచ్చిండ్రు" అంది. అడిగి తీసుకున్నావా, వాళ్ళే ఇచ్చారా అన్నాను. "నేనే అడిగిన" అంది.

నమస్కారం.