మూడు యూనిఫారాలూ ఉండనివ్వండి, సెట్ మాత్రం ఒక్కటి చేయండి

(సాయుధ దళాల పతాక దినోత్సవం సందర్భంగా గుంటూరులోని ఒక కళాశాలలో విశ్రాంత సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, మా మాజీ సైనికుల సంఘం అధ్యక్షులు సుబేదార్ మేజర్ గారికి, తెనాలి నుంచీ మంగళగిరి నుంచీ బస్సులెక్కి వచ్చిన తోటి జవాన్లకు, ముందు వరుసలో కూర్చున్న, భర్తల్ని దేశానికిచ్చిన వీరనారి తల్లులకు నమస్కారం. ఎన్‌సీసీ పిల్లలకు జైహింద్. ఏంటమ్మా, అంత మెల్లగానా? ఇంకోసారి. ఆఁ, ఇప్పుడు గుంటూరు అనిపించింది.

డిసెంబరు 7. లోపలికి రాగానే ఒక పాప నా జేబు మీద జెండా స్టిక్కరు అంటించి డబ్బా చూపించింది. 1949 నుంచీ ప్రతి ఏడూ ఇదే రోజు ఈ వసూలు జరుగుతోంది. స్టిక్కరు మీద మూడు పట్టీలు చూడండి: ఎరుపు ఆర్మీది, ముదురు నీలం నేవీది, లేత నీలం ఎయిర్‌ఫోర్స్‌ది. మీ ప్రిన్సిపాల్ గారు నాకిచ్చిన అంశమేమో ఈ మూడు పట్టీలనీ, అంటే మూడు దళాలనీ, కలిపేయాలా వద్దా అని. ఇరవై నిమిషాలన్నారు. నేను సిగ్నల్స్‌లో, అంటే ఆర్మీలో కబుర్లు చేరవేసే విభాగంలో చేసినవాణ్ణి, టైం ప్రకారం మాట్లాడగలను. కాకపోతే మా అధ్యక్షుల వారు ఇప్పటికే గడియారం చూస్తున్నారు, ఆయనకి నా సంగతి తెలుసు.

నా మాట ముందే చెప్పేస్తాను. యూనిఫారాలు కలపొద్దు. ఒక సరిహద్దులో యుద్ధం నడిపే బాధ్యత మాత్రం ఒక్కడికే ఇవ్వాలి. ఆ రెండింటికన్నా ముందు, మూడు దళాల సెట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. సెట్ అంటే వైర్‌లెస్ సెట్. టీవీల్లో చర్చలు పెట్టేవాళ్ళకి కమాండర్లు కనిపిస్తారు, జనరల్స్ కనిపిస్తారు. ఈ సెట్ ఎవడికీ కనిపించదు.

యూనిఫారాలు కలిపి చూసిన దేశం ఉంది. కెనడా. పాల్ హెల్యర్ అని రక్షణ మంత్రి. 1968 ఫిబ్రవరి 1 నుంచి అక్కడ ఆర్మీ లేదు, నేవీ లేదు, ఎయిర్‌ఫోర్స్ లేదు. అంతా కలిపి ఒకే దళం, అందరికీ ఒకటే ఆకుపచ్చ యూనిఫారం. సముద్రంలో పనిచేసేవాడికీ ఆకుపచ్చే. లాండీమోర్ అనే రియర్ అడ్మిరల్ ఇదేం పద్ధతని గట్టిగా ఎదురుతిరిగి పదవి పోగొట్టుకున్నాడు. 1980ల మధ్యకి వచ్చేసరికి ఎవరి రంగు బట్టలు వాళ్ళకి మళ్ళీ ఇచ్చారు. 2011లో నేవీ, ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ అనే పేర్లు కూడా తిరిగి ఇచ్చారు. నలభై ఏళ్ళు పట్టింది. బ్రిటన్‌లోనూ అంతే. 1918లో ఆర్మీ విమానాల్నీ నేవీ విమానాల్నీ కలిపి రాయల్ ఎయిర్‌ఫోర్స్ చేశారు. ఓడల మీద విమానాలు మావి మాకిచ్చేయమని నేవీ ఏళ్ళ తరబడి పోట్లాడి రెండో ప్రపంచ యుద్ధం ముంగిట్లో తెచ్చుకుంది. ఇజ్రాయెల్‌లో అంతా ఒకే దళం కదా అని మీలో ఎవరో అంటారు. నిజమే. వాళ్ళు మొదటి రోజు నుంచీ అలాగే పుట్టారు, పైగా ఆ దేశం ఈ చివర నుంచి ఆ చివరకి కారులో ఒక్కపూట ప్రయాణం.

మన దేశంలో అంత దూరం పోదామని ఎవరూ అనడం లేదు. ఇప్పుడు మనకి ఆర్మీవి ఏడు, ఎయిర్‌ఫోర్స్‌వి ఏడు, నేవీవి మూడు, మొత్తం 17 కమాండ్లు. కమాండ్ అంటే ఒక కమాండర్ కింద ఉండే పెద్ద విభాగం. వీటిని కలిపి కొన్ని థియేటర్ కమాండ్లు, అంటే ఒక్కో ప్రాంతంలో మూడు దళాలకీ ఒకే కమాండర్ ఉండేలా, చేద్దామన్నది ఆలోచన. చైనా 2016లోనే ఏడు సైనిక ప్రాంతాల్ని ఐదు థియేటర్ కమాండ్లుగా మార్చేసింది. మనం 2001లో అండమాన్‌లో ఒక ఉమ్మడి కమాండ్ పెట్టి చాలా ఏళ్ళు అక్కడే ఆగాం. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ గారు మొదటి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, అంటే మూడు దళాల్నీ కలిపి నడిపించే పదవిలోకి, వచ్చాక కదలిక వచ్చింది. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన పోయారు. ఆయనతోపాటు మన చిత్తూరు జిల్లా బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ కూడా. ఒక్క నిమిషం... సరే. తర్వాత 2023లో, ఉమ్మడి సంస్థల్లో పనిచేసే మూడు దళాల వాళ్ళ మీదా ఒకే అధికారి క్రమశిక్షణ చర్య తీసుకునేలా చట్టం తెచ్చారు. అంతకుముందు ఆర్మీ అధికారి కింద పనిచేసే ఎయిర్‌మన్ తప్పు చేస్తే, శిక్ష కోసం అతన్ని ఎయిర్‌ఫోర్స్‌కి అప్పజెప్పాల్సి వచ్చేది.

ఈ థియేటర్ కమాండ్ల మీద ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ అభ్యంతరాన్ని కొట్టిపారేయకండి. మంజూరైన 42 యుద్ధ స్క్వాడ్రన్లలో, అంటే యుద్ధ విమానాల దండుల్లో, ఇప్పుడున్నవి 30కి అటూ ఇటూ. ఉన్న కాసిన్ని విమానాల్ని ఒక్కో కమాండర్‌కి పంచి కట్టేస్తే ఎలా, పొద్దున పంజాబ్‌లో ఉన్నది సాయంత్రానికి అస్సాంలో ఉండగలదు కదా అంటారు. మాట సబబే. అయితే విడివిడిగా ఉంటే ఏం జరుగుతుందో కూడా చూశాం. 1965 సెప్టెంబరు 1న జమ్మూ వైపు ఛాంబ్‌లో పాకిస్తాన్ ట్యాంకులు పొద్దుటి నుంచీ నెట్టుకొస్తుంటే మన విమానాలకి పిలుపు సాయంత్రానికి వచ్చింది. పాత వాంపైర్ విమానాల్ని పంపితే ఆ ఒక్క సాయంత్రమే నాలుగు పోయాయి. 1971లో మూడు దళాల చీఫ్‌లు మానెక్‌షా, పీసీ లాల్, నందా ముగ్గురూ ముందే కూర్చుని మాట్లాడుకున్నారు, ఫలితం మీకు తెలుసు. ఆ యుద్ధంలో కూడా డిసెంబరు 10న ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా దగ్గర మనవైపు పోరాడుతున్న పద్మ, పలాశ్ అనే పడవల్ని శత్రువువి అనుకుని మన విమానాలే ముంచాయి. పైన ముగ్గురు చీఫ్‌లు స్నేహితులైనంత మాత్రాన కింద నదిలో ఉన్నవాడి మాట ఆకాశంలో ఉన్నవాడికి చేరదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. మా సంఘం వాళ్ళు పదిసార్లు విన్నారు, వాళ్ళు టీ తాగి రావొచ్చు.

ఉత్తరాన ఎత్తైన చోట ఒక పోస్టు. ఏ పోస్టో, ఏ యూనిటో వద్దు. నేనప్పుడు హవల్దార్ని. మా దగ్గర ఒక కుర్రాడు, బాపట్ల వైపువాడు, లంగర్‌లో, అంటే మా భోజనశాలలో, రోజూ రొట్టె చూడగానే ఇంటి గోంగూర పచ్చడి తలుచుకుని ఏడిచేవాడు. గస్తీకి వెళ్ళి వచ్చి బూటు విప్పితే కాలివేళ్ళు తెల్లగా మైనంలా ఉన్నాయి, గిల్లినా తెలియడం లేదు. మంచు కొరికేసింది. హెలికాప్టర్ కావాలి. మా సెట్‌లో కబురు బెటాలియన్‌కి, అక్కణ్ణుంచి బ్రిగేడ్‌కి, డివిజన్‌కి, అక్కడున్న ఎయిర్‌ఫోర్స్ అధికారికి, ఆయన నుంచి ఎయిర్‌ఫోర్స్ లైన్లో బేస్‌కి. ఇంత తిరిగినా మధ్యాహ్నానికి చీతా హెలికాప్టర్ వచ్చింది. నెత్తి మీద రెక్కల చప్పుడు వింటున్నాం.

వినడమే. మాట్లాడలేం. మేం వీపుకి తగిలించుకునే సెట్లు ఎఫ్‌ఎమ్‌లో, తక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయి. విమానం సెట్ ఏఎమ్‌లో, చాలా పైన ఉంటుంది. దానితో మాట్లాడటానికి వేరే సెట్ ఒకటి ఇస్తారు. ఆ వేరే సెట్ రిపేరుకని కిందికి వెళ్ళి అప్పటికి చాలాకాలమైంది. అడిగితే ఫారం నింపమన్నారు, నింపాం. ఆ ఫారం మా ఆర్మీది కాదు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళది నింపాలట. మేం హెలిపాడ్‌ని నాలా ఇవతలికి మార్చాం. పైలట్ పాత చోట వెతుకుతున్నాడు. నేను చేతిలో మైకు పట్టుకుని ఆ పైలట్ హెల్మెట్ చూస్తున్నాను, అంత దగ్గర. రంగు పొగ వెలిగించాం, గాలికి అది లోయలోకి పోయింది. మబ్బు కమ్మింది. చీతా తిరిగి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున వచ్చి తీసుకెళ్ళింది. ఆ కుర్రాడికి మూడు వేళ్ళు తీసేశారు. ఆ మబ్బు రాకపోయినా పోయేవేమో, డాక్టర్లు ఏదీ గట్టిగా చెప్పలేదు. కానీ ఆ పైలట్, నేను, ఆ కుర్రాడు ముగ్గురం ఒకే దేశం జీతం తీసుకుంటున్నాం కదా!

పొలాలు పంచుకున్న ముగ్గురన్నదమ్ములు ఒక్క బోరు మీద బతకొచ్చు. ఒక్కొక్కడి పైపు ఒక్కో సైజుదైతే ఎలా తడుస్తుంది పొలం?

అంతా నిరాశ అని కాదు. వైద్యం చూడండి. పుణెలో చదివిన మిలిటరీ డాక్టరు మూడు దళాల్లో ఎక్కడైనా చేస్తాడు. మన క్యాంటీన్ ఉమ్మడిది. ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీలో శిక్షణ పొందే పిల్లలు మూడు దళాల వాళ్ళూ ఒకే మెస్‌లో తింటారు. ముంబై, గువాహటి, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లలో సరుకుల సరఫరా కూడా కలిపారు. అంటే చేతకాక కాదు, చేసినచోట చేశారు.

మన ఊరి పక్క సంగతే తీసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశారుగా. పైన నేవీ హెలికాప్టర్లు, ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు, గండి దగ్గర రాళ్ళు నింపిన ఇనుప బుట్టలు పేరుస్తూ ఆర్మీ ఇంజనీర్లు, వీధుల్లో ఎన్‌డీఆర్‌ఎఫ్ పడవలు. మేడమీద గొడుగు పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ వచ్చినవాడి చొక్కా రంగు చూస్తుందా? పాల ప్యాకెట్ చూస్తుంది. మా బంధువుల ఇల్లు అక్కడే. ఒక డాబా మీద పొట్లాలు పడుతూనే ఉన్నాయి, మూడిళ్ళ అవతల డాబా మీద ఏమీ పడలేదని ఫోన్లో చెప్పారు. పైలట్ తప్పనను. పైనుంచి అన్ని డాబాలూ ఒకటే. కింద పడవలో ఉన్నవాడికి ఏ డాబా మీద ఎవరున్నారో తెలుసు. అతని మాట పైకి నేరుగా వెళ్ళే దారి ఉందా అన్నదే నా ప్రశ్న.

అందుకే ఎన్‌సీసీ బాబులూ, అమ్మాయిలూ, మీలో ఎలక్ట్రానిక్స్ చదివేవాళ్ళు చేతులెత్తండి. ఓ, చాలామందే ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌తో ఫ్రీక్వెన్సీ మార్చుకునే రేడియోలు వచ్చాయి, ఒక్క సెట్టే ఎఫ్‌ఎమ్‌లోనూ ఏఎమ్‌లోనూ మాట్లాడగలదు. మా కాలంలో లేని వీలు ఇది. మీ ప్రాజెక్టుకి అందరూ చేసే లైన్ ఫాలోయర్ రోబో మానేసి దీని మీద పడండి. మా సంఘంలో పాత సిగ్నల్స్ వాళ్ళం ఉన్నాం, బ్రాడీపేట ఆఫీసుకి సాయంత్రాలు రండి, సోల్డరింగ్ కూడా నేర్పిస్తాం. ఇంకో మాట, వచ్చే వానాకాలం లోపు జిల్లా కంట్రోల్ రూమ్‌లో పడవకీ హెలికాప్టర్‌కీ ఇద్దరికీ వినబడే సెట్ ఒకటి ఉందో లేదో కలెక్టర్ గారికి అర్జీ పెట్టి అడుగుదాం. కాయితం నేను రాసుకొచ్చాను, అదిగో ఆ బల్ల మీద ఉంది. వెళ్ళేటప్పుడు సంతకాలు పెట్టండి, పక్కనే డబ్బా ఉంది, చిల్లర లేదనకండి, ఫోన్‌పే స్కానర్ కూడా పెట్టారు.

అధ్యక్షుల వారు లేచి నిలబడ్డారు, ముగిస్తున్నాను. ప్రశ్నలుంటే అడగండి. అగ్నివీర్ గురించి మాత్రం అడక్కండి, దానికి భోజనాలు పెట్టి రోజంతా వేరే మీటింగ్ పెట్టాలి. ఆ వెనక అమ్మాయి చేయి ఎత్తింది, మైకు ఇవ్వండి ఆమెకి.