ఎండ ఉన్నా గ్యాస్ ఎందుకు? నెల్లూరు స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. ఇంటింటికీ పైపు గ్యాస్ పేరుతో వీధులు తవ్వడంపై నెల్లూరులో గొడవ నడుస్తోంది. ఇంత ఎండ, సముద్రగాలి ఉండగా ఇంకా గ్యాసేనా అని కొందరి ప్రశ్న. అందరికీ సమాన సమయం ఇస్తాను. మేడమ్, ఎండ ఉన్న దేశాలు కూడా గ్యాస్‌ను ఎందుకు వదలడం లేదు?

అర్థశాస్త్ర అధ్యాపకురాలు: అల్జీరియాను చూడండి. దేశంలో అధిక భాగం సహారా ఎడారి. అయినా కరెంటు దాదాపు మొత్తం గ్యాస్ నుంచే. గ్యాస్ వాళ్ల నేలలోనే ఉంది, ప్రజలకు చాలా తక్కువ ధరకు ఇస్తున్నారు. ఆ ధర ముందు సోలార్...

విశ్రాంత ఇంజనీరు: ధర కాదండీ! పొద్దుగూకాక కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు? బొగ్గు బాయిలర్ వేడెక్కడానికి గంటలు పడుతుంది, గ్యాస్ టర్బైన్ నిమిషాల్లో అందుకుంటుంది.

అధ్యాపకురాలు: నన్ను పూర్తి చేయనివ్వండి...

సమన్వయకర్త: ఒక్క నిమిషం. కృష్ణపట్నం రేవులో ఎల్‌ఎన్‌జీ, అంటే ఓడల్లో వచ్చే ద్రవ రూప గ్యాస్‌ను దించుకునే టెర్మినల్ వస్తే జిల్లాకు లాభమే కదా?

రైతు ప్రతినిధి: మా రొయ్యల చెరువుల సంగతి వినండి. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎక్కువగా తిరగాల్సింది రాత్రిపూట. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది.

ఇంజనీరు: చూశారా! రాత్రి! నేను చెప్పేది అదే!

రైతు ప్రతినిధి: గ్యాస్ కావాలని నేను అనలేదు సార్. యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చే కరెంటు రాయితీ, ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్ బయటి చెరువులకూ రావాలి...

సమన్వయకర్త: రాయితీ మీద విడిగా కార్యక్రమం చేద్దాం.

ఇంజనీరు: జర్మనీ సంగతి చెప్పనివ్వండి. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు వాళ్లు దిగుమతి చేసుకునే గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. 2022లో ఆ గ్యాస్ ఆగింది. గ్యాస్ మానేశారా? ఆ డిసెంబరులోనే విల్‌హెల్మ్స్‌హాఫెన్ రేవులో తేలే ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ తెరిచారు!

అధ్యాపకురాలు: అదే నేననేది! అక్కడ సుమారు సగం ఇళ్లను చలికాలంలో వెచ్చబరిచేది గ్యాసే. ఒకసారి పైపు వేశాక, ఒప్పందం రాశాక దేశం కట్టుబడిపోతుంది. మనమూ 2024లో కతర్‌తో రాసుకున్నాం. 2028 నుంచి 20 ఏళ్లు, ఏటా 75 లక్షల టన్నులు.

ఇంజనీరు: యూరియా దేనితో చేస్తారు? గ్యాస్ లేకపోతే కోవూరు వరి పొలాలకు ఎరువు ఎక్కడిది?

అధ్యాపకురాలు: ఎరువు వేరు, కరెంటు వేరు. 2009లో మన తీరం దగ్గరి సముద్రంలో, కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ మొదలైంది, కొన్నాళ్లకే తగ్గింది. దాన్ని నమ్ముకుని గోదావరి వైపు కట్టిన విద్యుత్ కేంద్రాలు మూలపడ్డాయి. దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే అయితే పదేళ్లలోనే గాలిమరలతో...

ఇంజనీరు: ఉరుగ్వేకు జలవిద్యుత్తు ఇచ్చే పెద్ద జలాశయాలున్నాయి! గ్యాస్ తగ్గింది కాబట్టే టెర్మినల్ కావాలంటున్నాను.

సమన్వయకర్త: నేనూ అదే అడుగుతున్నాను. కృష్ణపట్నంలో వస్తే?

అధ్యాపకురాలు: నీళ్లను పైకి ఎక్కించి నిల్వ చేసే పిన్నాపురం తరహా ప్రాజెక్టుల గురించి ఒక్క మాటైనా...

ఇంజనీరు: నిల్వ అంటే ఎన్ని గంటలు? వానాకాలంలో వరసగా ముసురు పట్టిందనుకోండి, అప్పుడు? రాత్రి గురించి జవాబు చెప్పండి ముందు!

అధ్యాపకురాలు: చెబుతున్నాను, వింటేగా! 20 ఏళ్ల ఒప్పందం భారం ఎవరు మోస్తారో మీరు చెప్పలేదు.

సమన్వయకర్త: సమయం అయిపోయింది. సార్, ఆఖరి మాట మీదే.

ఇంజనీరు: రాత్రిపూట కరెంటు కావాలంటే గ్యాస్ తప్పదు. రేవు మన దగ్గరే ఉంది.

అధ్యాపకురాలు: ఒప్పందం మాట ఇంకా...

సమన్వయకర్త: క్షమించాలి మేడమ్, విరామం తర్వాత వార్తలు.